చిన్న ట్రాక్టర్‌కి క్విక్ హిచ్ వాడినవాళ్లు ఉన్నారా? పీటీవో షాఫ్ట్ సంగతి కూడా చెప్పండి

మాలూరు మామిడి
అందరికీ నమస్కారం. మాలూరు దగ్గర మామిడి తోట, చెట్ల మధ్య రాగులు, ఉలవలు వేస్తాం. ఉద్యోగం వైట్‌ఫీల్డ్‌లో కాబట్టి సేద్యమంతా శని, ఆదివారాల్లోనే. బండి 24 హెచ్‌పీ. రోటావేటర్, కల్టివేటర్, లెవెలింగ్ బ్లేడు ఉన్నాయి. ఆదివారం డ్రైవర్ రాడు, ఒక్కణ్ణే పనిముట్టు మార్చాలంటే ప్రాణం విసిగిపోతోంది. బండి వెనక పనిముట్టును పట్టే రెండు చేతుల్లో (లింకుల్లో) ఎడమది ఎక్కుతుంది, కుడివైపు రెండు వేళ్లంత తేడా వస్తుంది, బండెక్కి కాస్త జరిపి దిగి చూస్తే ఈసారి ఇటు ఎక్కువైపోయి ఉంటుంది. పనిముట్టును చటుక్కున తగిలించుకునే, మూడు హుక్కులుండే క్విక్ హిచ్ ఫ్రేము తీసుకుందామనుకుంటున్నా. మన దగ్గర తయారైన పనిముట్లకు అది సరిపోతుందా? ఇంజన్ తిప్పే శక్తిని పీటీవో నుంచి రోటావేటర్‌కి అందించే షాఫ్ట్ పొడవు చాలుతుందా? లిఫ్ట్ మీద భారం పడుతుందా? బెంగళూరులో ఎక్కడ దొరుకుతుంది?

చింతామణి టమాట
కళ్లు మూసుకుని తీసుకో అన్నా. మాకు టమాట నాటే సీజన్లో పొద్దున రోటావేటర్, తర్వాత బెడ్ మేకర్, ఆ వెనకే మల్చింగ్ షీటు పరిచే మెషీన్, సాయంత్రం పక్క చేనుకు మళ్లీ రోటావేటర్. మార్చడానికే ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చేది. ఇప్పుడు రివర్స్‌లో వెళ్లి, పై హుక్కును పనిముట్టు టాప్ పిన్ను (పైన మధ్యలో ఉండే కడ్డీ) కిందికి తెచ్చి లిఫ్ట్ లేపితే చాలు, బరువు దానంతటదే ఊగి కింది రెండు హుక్కుల్లో కూర్చుంటుంది. రెండు లాకులూ టక్కుమంటాయి. నేను సీటు దిగను కూడా. కూలి మనిషి కోసం ఫోన్లు చేసే బాధ పోయింది, అది చాలు నాకు.

దేవనహళ్లి ద్రాక్ష
తమ్ముడూ నీ పనిముట్లన్నీ ఒకే చోట కొన్నవి కాబట్టి నీకు టక్కుమంటున్నాయి. నా దగ్గరున్నవి నాలుగు ఊళ్లలో నలుగురు చేసినవి. ఫ్రేము అమ్మినాయన ‘ఏదైనా పట్టేస్తుంది సార్’ అన్నాడు. ఇంటికి తెచ్చి చూస్తే రోటావేటర్‌కి పట్టింది, కల్టివేటర్ టాప్ పిన్ను మూడంగుళాలు పైన ఉంది, స్ప్రేయర్‌కేమో హుక్కు దూరడానికి రెండు రేకుల మధ్య సందే లేదు. వాపసు తీసుకోమంటే వాడేశారు కదా అన్నాడు. చివరికి వేరే రైతుకు అమ్మేశాను. మాలూరు సార్, డబ్బు కట్టే ముందు టేపు పట్టుకుని కొలవండి.

పీన్యా లేత్
ఈ విషయం మీద నేను చెప్పగలను, మా షెడ్డులో ఈ పని చాలా ఏళ్లుగా జరుగుతోంది. పనిముట్టును బండి వెనక కింద రెండు చోట్ల, పైన ఒక చోట పట్టే ఏర్పాటును మూడు పాయింట్ల లింకేజీ అంటారు, దానికి కొలతల కేటగిరీలున్నాయి. కేటగిరీ 1లో కింది పిన్ను 22 మి.మీ., పై పిన్ను 19 మి.మీ., కింది రెండు పాయింట్ల మధ్య దూరం 683 మి.మీ. కేటగిరీ 2లో అవే 28, 25, 825. చిన్న బండ్ల కోసం 1ఎన్ అని ఇంకా ఇరుకైనది ఉంది, దాంట్లో దూరం 400 మాత్రమే. మన వైపు జరిగే తప్పేంటంటే పెద్ద బండి కల్టివేటర్‌ని కోసి చిన్నబండికి అమ్ముతారు, పిన్నులు మాత్రం కేటగిరీ 2వే ఉంచేస్తారు. లింకు బాల్‌లో పట్టదు కాబట్టి పిన్నును అరగదీస్తారు. అలాంటి దానికి ఏ ఫ్రేమైనా ఏం చేస్తుంది? ఇంకోటి, ఈ ఫ్రేము హుక్కులు పిన్ను మీద నేరుగా కూర్చోవు. పిన్నుకు లావుపాటి బుష్షులు (గొట్టం లాంటి తొడుగులు) తొడగాలి. బుష్షు లేకుండా వాడితే కుదుపుకు హుక్కు అరిగిపోతుంది, పిన్ను వంగిపోతుంది. అమ్మేటప్పుడు సగంమంది ఆ బుష్షుల మాటే ఎత్తరు. టాప్ హుక్కు విషయానికొస్తే, క్విక్ హిచ్ కొలత ప్రకారం అది కింది పాయింట్ల నుంచి 15 అంగుళాల ఎత్తులో ఉంటుంది. మామూలు కేటగిరీ 1 పనిముట్టు టాప్ పిన్ను దాదాపు 18 అంగుళాల్లో ఉంటుంది. దేవనహళ్లి సార్‌కి వచ్చిన మూడంగుళాల తేడా అదే. టాప్ హుక్కును పైకీ కిందికీ జరిపి బోల్టు వేసుకునే ఫ్రేము తీసుకుంటే ఆ బాధ ఉండదు.

దేవనహళ్లి ద్రాక్ష
సార్ మీరు చెప్పిన మిల్లీమీటర్లన్నీ కరెక్టే కావచ్చు. ద్రాక్ష పందిరి కింద ఎండలో ఆ పనిముట్టును తోసేది నేను. పుస్తకంలో ఉన్న కొలత మా ఊరి వెల్డరుకు తెలియదు. తయారుచేసేవాళ్లు ఒకే కొలతలో చేయనంత కాలం రైతుకి ఫ్రేము అమ్మడం అన్యాయమనే నేను అంటాను.

పీన్యా లేత్
అన్యాయం ఫ్రేములో లేదు, వెల్డింగులో ఉంది. పనిముట్టు మాస్ట్‌కి (టాప్ పిన్ను ఉండే నిలువు భాగానికి) ఇంకో చిల్లు వేయించి పిన్ను కిందికి దించుకుంటే గంట పని. మీరు ఆ పని చేయించకుండా ఫ్రేము అమ్ముకున్నారు, అది మీ ఇష్టం. దానికి ఫ్రేమునే పనికిరానిది అంటే ఎలా?

విజయపుర పట్టు
నేను మల్బరీ తోట చూసుకుంటాను, ట్రాక్టర్ కూడా నేనే నడుపుతాను. ఫ్రేము గురించి అందరూ మాట్లాడుతున్నారు, ఇంకో దారి ఉంది. నేను మూడు హుక్కుల ఫ్రేము పెట్టలేదు, లోయర్ లింకుల (కింది రెండు చేతుల) చివర మాత్రం హుక్కులు పెట్టించుకున్నాను. పనిముట్టు పిన్నుకు గుండ్రటి బాల్ తొడిగితే హుక్కు కింది నుంచి వచ్చి దాన్ని పట్టేసుకుంటుంది. టాప్ లింక్ (పైన పట్టే కడ్డీ) చేత్తోనే పెట్టాలి, అది బరువుండదు కాబట్టి నాకు కష్టం కాదు. పైన ఎత్తు ఎంతున్నా పర్వాలేదు, టాప్ లింక్ తిప్పి పొడుగో పొట్టో చేసుకుంటాను. పనిముట్టు కూడా పెద్దగా వెనక్కి పోదు. మా తోటలో జంట వరసలు, 90 సెంటీమీటర్లు, 150 సెంటీమీటర్లు వదిలి నాటినవి. ఆ 150లోనే రోటావేటర్ తిరగాలి, చివర మలుపు దగ్గర ప్రతి అంగుళమూ లెక్కే. నడుం నొప్పి పడి పడి ఇది పెట్టించుకున్నాను. రోటావేటర్‌ని కాలితో తన్ని సర్దే పని పోయింది. మా ఆయన ఊళ్లో లేకపోయినా తోట పని ఆగడం లేదు.

మాలూరు మామిడి
అక్కా, ఈ హుక్కులు ఎక్కడ చేయించారు? లింకు చివర కోసి వెల్డింగ్ చేశారా, బోల్టు మీదేనా?

హొస్కోటె 27 హెచ్‌పీ
అందరూ పిన్నుల దగ్గరే ఆగిపోయారు. ఆయన అడిగిన రెండో ప్రశ్న షాఫ్ట్ గురించి, దానికి ఎవరూ జవాబివ్వలేదు. మూడు హుక్కుల ఫ్రేము పెడితే పనిముట్టు నాలుగైదు అంగుళాలు వెనక్కి పోతుంది. రోటావేటర్ కొన్నప్పుడు మన బండికి సరిపోయేలా షాఫ్ట్ కోయించి ఉంటాం. ఇప్పుడు అది పొట్టి అయిపోతుంది. లోపలి గొట్టం, బయటి గొట్టం ఒకదాంట్లో ఒకటి ఉండేది తగ్గిపోతుంది. మా పక్క తోటలో గట్టు దగ్గర లిఫ్ట్ ఎత్తితే షాఫ్ట్ ఊడి పీటీవో మీద కొరడాలా తిరిగింది. డ్రైవర్ అదృష్టం బాగుండి సీటు మీద ఉన్నాడు.

చింతామణి టమాట
అంత భయపెట్టకండి. నేను అదే షాఫ్ట్ వాడుతున్నా, ఏం కాలేదు.

హొస్కోటె 27 హెచ్‌పీ
నీకు కాలేదు కాబట్టి ఎవరికీ కాదా? నీ షాఫ్ట్ మొదట్నుంచీ పొడవుగా ఉండి ఉంటుంది. కొలిచావా?

చింతామణి టమాట
కొలవాల్సిన అవసరం రాలేదు. టమాట బెడ్లన్నీ ఆ బండితోనే చేశాను. మీరు పక్క తోట కథ చెబుతున్నారు, నేను నా బండి సంగతి చెబుతున్నా.

హొస్కోటె 27 హెచ్‌పీ
పక్క తోటది కథ కాదు తమ్ముడూ. ఆ షాఫ్ట్ తగిలి వంగిపోయిన డ్రాబార్ (బండి వెనక ట్రాలీ తగిలించే కడ్డీ) ఇప్పటికీ అక్కడే పడుంది, వచ్చి చూడు. కొత్తవాళ్లు చదివే చోట ‘ఏం కాదు’ అని రాయొద్దు అంటున్నా, అంతే.

పీన్యా లేత్
ఇద్దరూ ఆగండి. లెక్క ఇదీ. పనిచేసే ఎత్తులో ఉన్నప్పుడు రెండు గొట్టాలూ కనీసం మూడో వంతు పొడవు ఒకదాంట్లో ఒకటి ఉండాలి. లిఫ్ట్ పూర్తిగా ఎత్తినప్పుడూ, పూర్తిగా దించినప్పుడూ, రెండింటికీ మధ్యలోనూ చూడాలి. బండికీ పనిముట్టుకీ మధ్య దూరం అన్ని చోట్లా ఒకేలా ఉండదు. అతి దగ్గరగా వచ్చిన చోట కూడా గొట్టం చివర తగలకుండా ఓ అంగుళం ఖాళీ మిగలాలి, లేకపోతే గేర్‌బాక్స్ బేరింగ్ నలిగిపోతుంది. ఇంజన్ ఆపి, షాఫ్ట్ రెండు ముక్కలుగా విడదీసి, ఒకటి బండికీ ఒకటి రోటావేటర్‌కీ తగిలించి పక్కపక్కన పట్టుకుంటే కళ్లకే కనిపిస్తుంది. చాలకపోతే వెల్డింగ్ చేసి పొడిగించొద్దు. పొడవైన గొట్టాల జత కొత్తది తీసుకోండి. బెంగళూరు జేసీ రోడ్డులో, ఎస్పీ రోడ్డులో అడిగితే దొరుకుతాయి.

విజయపుర పట్టు
షాఫ్ట్ మాట వచ్చింది కాబట్టి ఒక్కటి చెప్పాలి, కోప్పడకండి. పీటీవో 540లో నిమిషానికి 540 సార్లు తిరుగుతుంది, అంటే సెకనుకు తొమ్మిది చుట్లు. కొంగు, లుంగీ అంచు, మెడలో తువ్వాలు, ఏది తగిలినా చెయ్యి వెనక్కి తీసుకునే టైముండదు. ఫ్రేము పెట్టాక మధ్యలో చెయ్యి పట్టే చోటు ఇరుకవుతుంది కాబట్టి చాలామంది ప్లాస్టిక్ గార్డు తీసేసి షాఫ్ట్ తగిలిస్తున్నారు. మా ఊళ్లో ఏ బండి చూసినా గార్డు ఉండదు. క్విక్ హిచ్ షాఫ్ట్‌ని తగిలించదు, అది మనమే దిగి తగిలించాలి. దిగే ముందు పీటీవో లివర్ తీసి, ఇంజన్ ఆపి, తాళంచెవి జేబులో పెట్టుకోండి. పిల్లలు బండి చుట్టూ తిరిగే ఇళ్లలో ఇంకా జాగ్రత్త.

మాలూరు సార్, హుక్కులు వెల్డింగ్ కాదు. మా లింకు చివర ముక్క రెండు బోల్టుల మీద ఉంటుంది, అది విప్పి ఇది బిగించారు. మీ బండికి అలా విప్పే చివరలున్నాయో లేదో చూసుకోండి.

కనకపుర కొత్త
మీ డ్రైవర్లకు రోజుకు ఎంతిస్తున్నారు? మా వైపు నాట్ల టైములో మనిషే దొరకడం లేదు. ఉన్నవాళ్లంతా జేసీబీ వైపు పోతున్నారు. నేనూ సెకండ్ హ్యాండ్ మినీ ట్రాక్టర్ చూస్తున్నా, 18 హెచ్‌పీకి ఈ ఫ్రేము బరువు ఆగుతుందా?

దేవనహళ్లి ద్రాక్ష
డ్రైవర్ జీతాలకు వేరే చర్చ ఉంది, అక్కడ రాయండి. 18 హెచ్‌పీకి ఫ్రేము వద్దు. ఫ్రేమే 30 కిలోల దాకా ఉంటుంది, పైగా పనిముట్టు వెనక్కి జరుగుతుంది. గట్టు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు తేలుతాయి. స్టీరింగ్ తిప్పితే బండి తిరగదు.

పీన్యా లేత్
దీంట్లో మాత్రం మీతో ఏకీభవిస్తా. కాగితం మీద 750 కిలోలు ఎత్తుతుందని రాసిన బండి కూడా ఆ బరువును లింకు చివర్లోనే ఎత్తుతుంది. బరువు వెనక్కి పోయేకొద్దీ ఎత్తేది తగ్గుతుంది. 24 హెచ్‌పీకి నాలుగడుగుల రోటావేటర్‌తో ఫ్రేము వాడితే ముందు బంపర్‌కి వెయిట్లు పెట్టించండి. 18 హెచ్‌పీకి అక్క చెప్పిన హుక్కులే మేలు.

చింతామణి టమాట
నేను కొలిచాను. హొస్కోటె అన్నా, నీ మాట కోసమే కొలిచాను. నాకు గొట్టం సగం దాకా లోపలే ఉంది, అందుకే ఏం కాలేదు. అయినా నేను రాసిన ‘కళ్లు మూసుకుని తీసుకో’ అన్న మాట మీద నిలబడతా. మూడు పనిముట్లు రోజూ మార్చేవాడికి ఇంతకన్నా మంచిది లేదు.

హొస్కోటె 27 హెచ్‌పీ
సరే, కొలిచావు కదా, నాకు అంతే కావాలి. మాలూరు సార్, మీది ఏడాదిలో కొన్ని వారాంతాల పనే. నన్నడిగితే రోటావేటర్‌ని షాఫ్ట్‌తో సహా బండికే ఉంచేసి, కల్టివేటర్ పని పక్కవాళ్ల బండిని బాడుగకు పిలిచి చేయించుకోండి. డబ్బు మిగులుతుంది.

మాలూరు మామిడి
బాడుగ బండి ఆదివారం రాదన్నా, అదే మా బాధ. వచ్చినా వాన పడిన రెండో రోజు అందరికీ ఒకేసారి కావాలి. ఈ వారం కొలతలు తీసి పెడతా. నవంబర్‌లో బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం జీకేవీకే క్యాంపస్‌లో జరిగే కృషి మేళాలో ఫ్రేములు పెడతారా ఎవరైనా?

పీన్యా లేత్
మేళాలో ట్రాక్టర్లు, పనిముట్ల స్టాళ్లు బోలెడు ఉంటాయి, వెళ్లండి. కొలతల చీటీ జేబులో పెట్టుకుని వెళ్లండి. అక్కడ మెరిసే పెయింట్ చూసి కొనొద్దు, లాకు స్ప్రింగు చేత్తో లాగి చూడండి. చేతికి సులువుగా వచ్చేస్తే పొలంలో కుదుపుకీ వచ్చేస్తుంది.

కనకపుర కొత్త
ఇంకో అనుమానం. ఫ్రేము బండికే ఉంచి ట్రాలీ తగిలించుకోవచ్చా?

విజయపుర పట్టు
నిండు ట్రాలీతో వద్దు. మలుపులో ట్రాలీ బార్ వచ్చి ఫ్రేము కాలికి తగులుతుంది. మార్కెట్‌కి పట్టుగూళ్లు తీసుకెళ్లే రోజు నేను లోయర్ లింకులు కూడా పైకెత్తి గొలుసుతో కట్టేస్తాను, లిఫ్ట్ మెల్లగా దిగిపోయినా రోడ్డు మీద రాసుకోవు. ఫ్రేము ఉన్నవాళ్లు దాన్ని విప్పి షెడ్డులో పెట్టి వెళ్లడమే మంచిది, మూడు పిన్నులే కదా.