అందరికీ బ్యాటే కావాలి, బంతి పట్టేదెవరు?

నెల్లిమర్ల నాన్న: ఆదివారం పొద్దున్నే మా మైదానానికి పద్నాలుగు మంది పిల్లలు వస్తారు. అందరూ బ్యాటు కోసమే వరుస కడతారు. తన వంతు వచ్చేదాకా కాలక్షేపానికి బంతి వేసేవాళ్లే తప్ప బౌలర్‌నవుతానన్నవాడు ఒక్కడూ లేడు. పోయిన వారం ఒకప్పుడు జిల్లా జట్టుకు ఆడిన ఎడమచేతి స్పిన్నర్‌ను బతిమాలి తీసుకొచ్చాను. ఆయన పిచ్ మీద దినపత్రిక కాగితం పరిచి, నాలుగు మూలలా గులకరాళ్లు పెట్టారు. పది బంతులు వేస్తే ఏడు దాని మీదే పడ్డాయి. చివరి బంతికి కాగితం నడిమికి చిరిగింది. బ్యాటు ఎవరికీ ఇవ్వని కుర్రవాడు దాన్ని కింద పడేసి, ‘వేళ్లు ఎలా పెట్టారు?’ అంటూ ఆయన చేయి పట్టుకున్నాడు. మీ ఊళ్లలో ఇలా ఎవరైనా చేశారా? ఎన్నాళ్లు సాగింది? వచ్చినవాళ్లకు ఏమిస్తున్నారు?

వామహస్తం, శ్రీకాకుళం: పదకొండేళ్లు జిల్లా క్రికెట్ ఆడినవాణ్ని, తెలిసే చెబుతున్నాను. ఆ రోజు వాడింది ఏ బంతి? టెన్నిస్ బంతి అయితే ఆ ఉత్సాహం నాలుగు రోజులు కూడా నిలవదు. దానికి కుట్టు లేదు, బరువు లేదు. మా గురువుగారు మొదటి రోజే తోలు బంతి ఇచ్చి, చూపుడువేలు, మధ్యవేలు కుట్టు మీద ఎలా ఆనాలో చూపించి, వారం రోజులు అది చేతిలోంచి దిగకూడదన్నారు. బౌలింగ్ వేళ్లలోంచి మొదలవుతుంది.

టెక్కలి టెన్నిస్: మా మైదానం కోతలైన వరిమడి. మోళ్ల మీద పడ్డ తోలు బంతి ఎటు లేస్తుందో ఎవరికీ తెలియదు. పోయినేడు అలా లేచిన బంతికి మా తమ్ముడి కొడుకు పెదవి చీలింది. ప్యాడ్లు, హెల్మెట్లు ఎవరు కొంటారు? సంక్రాంతి పోటీల్లో మావాడొకడు టెన్నిస్ బంతితోనే చివరి ఓవర్లో ఆరు పరుగులు కాపాడాడు. మర్నాడు వీధిలో ప్రతి పిల్లవాడూ అతనిలాగే పరుగెత్తుకొచ్చి చేయి తిప్పాడు. అది ఉత్సాహం కాదా?

వామహస్తం, శ్రీకాకుళం: తేలిక బంతికి వేగం రావాలని మోచేయి విదిలించడం అలవాటవుతుంది. నిబంధన ప్రకారం బంతి వేసేటప్పుడు మోచేయి 15 డిగ్రీలకు మించి సాగకూడదు. మీవాణ్ని ఒకసారి అంపైర్ ముందు నిలబెట్టండి.

టెక్కలి టెన్నిస్: కళ్లారా చూడని మనిషి చేతిని తప్పుపడతారా? అతను పగలు కొబ్బరికాయలు దించి, సాయంత్రం పిల్లలకు బంతి వేస్తాడు. ఆ మాట వెనక్కి తీసుకోండి.

చీపురుపల్లి అమ్మ: మీ బంతుల గొడవ పక్కన పెట్టండి. మా ఊరికి వచ్చిన ఒక పెద్ద బౌలర్ రెండు గంటలు మగపిల్లలకే నేర్పారు. మా అమ్మాయి గట్టు మీద కూర్చుని చూసి, ఒక్క బంతీ వేయకుండా ఇంటికొచ్చింది. ఆ రాత్రి అన్నం తినలేదు. 2025లో ప్రపంచ కప్ గెలిచిన మహిళల జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఎడమచేతి స్పిన్నరే కదా! ఆడవాళ్ల బంతి 140 నుంచి 151 గ్రాములు, మగవాళ్ల బంతి కంటే చిన్నది. అదొకటి సంచిలో వేసుకొస్తే ఏం బరువు?

పాతకోట, విజయనగరం: మన జిల్లాలో బౌలర్‌కు విలువ ఎప్పుడుంది? 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టుకు కెప్టెన్ మన విజ్జీ, అంటే విజయనగరం మహారాజకుమార్ అని అందరూ చెబుతారు. ఆ మూడు టెస్టుల్లో ఆయన చేసినవి 33 పరుగులు. లార్డ్స్‌లో 35 పరుగులకే ఆరు వికెట్లు తీసిన అమర్ సింగ్ పేరు ఇక్కడ ఎంతమందికి తెలుసు?

అయోధ్య మైదానం: విజ్జీ ఊసెత్తితే ఆ 33 పరుగులేనా? ఇంగ్లండ్ మేటి బ్యాటర్లు హాబ్స్‌ను, సట్‌క్లిఫ్‌ను మన దేశానికి రప్పించి ఆడించింది ఆయనే. గొప్ప ఆటగాళ్లను దగ్గర నుంచి చూస్తేనే కుర్రవాళ్లకు ఆశ పుడుతుంది. నాన్నగారు అడిగింది కూడా అదే కదా.

రాజాం అన్న: కొండవెలగాడ వెళ్లి చూడండి. ఆ పల్లె నుంచి అంతమంది వెయిట్‌లిఫ్టర్లు ఎలా వచ్చారు? 2014 కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చిన మత్స సంతోషి ఊరు అది. అక్కడి పిల్లలు బరువులెత్తే అన్నలను, అక్కలను రోజూ చూస్తూ పెరుగుతారు. ఒక్కరోజు వచ్చి కాగితం చింపి వెళ్లిపోతే పిల్లలు మళ్లీ బ్యాటే పడతారు.

ఆమదాలవలస తండ్రి: రోజూ అన్నారు కాబట్టి చెబుతున్నాను. మా అబ్బాయికి పద్నాలుగేళ్లు, వేగంగా వేస్తాడు. ఒక స్థానిక నిపుణుడు ముచ్చటపడి రోజూ గంటన్నర ఆపకుండా వేయించారు. మూడో నెలలో వాడు చెప్పుల కోసం వంగి లేవలేకపోయాడు. నడుము కింది ఎముకలో పగులు అన్నారు డాక్టర్. ఎనిమిది నెలలు ఆట లేదు. ఇంగ్లండ్ క్రికెట్ బోర్డు ఆ వయసు వేగం బౌలర్లకు ఒక విడతకు ఆరు ఓవర్లు, రోజుకు పన్నెండు అని హద్దు పెట్టిందని తర్వాత తెలిసింది. బంతి వేయడం వచ్చినవాళ్లందరికీ ఆపించడం రాదు. లెక్క రాసే పెద్దమనిషి ఒకరు పక్కన ఉండాలి.

వామహస్తం, శ్రీకాకుళం: ఇది చదివి మనసు కలుక్కుమంది. నేనూ పిల్లలతో లెక్క లేకుండా వేయించాను. టెక్కలి తమ్ముడూ, చూడకుండా మీవాడి చేయి గురించి అనడం నా తప్పు. తోలు బంతి మాట మాత్రం వదలను.

టెక్కలి టెన్నిస్: సరే. మా మడికి రండి, ఆ మోళ్ల మీద మీరే వేసి చూపించండి.

నెల్లిమర్ల నాన్న: ఏమిస్తున్నారో ఎవరూ చెప్పలేదు. మా స్పిన్నర్ గారు డబ్బు వద్దన్నారు, బస్సు చార్జీ, టిఫిను చాలన్నారు. ప్రతి ఆదివారం వస్తారు. ఓవర్లు రాయడానికి నోటు పుస్తకం కొన్నాను. చీపురుపల్లి అమ్మా, మీ అమ్మాయిని ఆరింటికల్లా తీసుకురండి. మొదటి బంతి తనదే.