క్యామెల్ కుడివైపు గిర్రున తిరగడానికి కారణం టార్కేనా?

గాలిమర:
మొదటి ప్రపంచ యుద్ధంలో ఎగిరిన బ్రిటిష్ యుద్ధవిమానం సాప్‌విత్ క్యామెల్ గురించి ఎక్కడ చదివినా ఒకటే మాట. ఇంజన్ టార్క్ (తిప్పే బలం) వల్ల కుడివైపు గిర్రున తిరిగేదట, ఎడమవైపు మొరాయించేదట. అందుకే ఎడమకు 90 డిగ్రీలు తిరగాల్సి వస్తే పైలట్లు కుడినుంచే 270 డిగ్రీలు చుట్టి వచ్చేవారట. నేనూ ఇన్నేళ్లుగా ఇదే నమ్మాను. నిజమేనంటారా?

ఎర్రమట్టి:
నిజమే. అది రోటరీ ఇంజన్. క్రాంక్ షాఫ్ట్ (ఇంజన్ మధ్య ఇరుసు) విమానానికి బిగించి ఉంటుంది, తొమ్మిది సిలిండర్లూ ప్రొపెల్లర్‌తో పాటే తిరుగుతాయి. అంత ఇనుము ముందర తిరుగుతుంటే టార్క్ విమానాన్ని ఒక పక్కకు తోయదా?

తోకచుక్క:
తోస్తుంది. కానీ ఎటు? క్యామెల్‌లో పెట్టిన క్లెర్జే ఇంజన్, పైలట్ వైపు నుంచి చూస్తే గడియారం ముల్లులాగే తిరుగుతుంది. దాని ప్రతిచర్య విమానాన్ని ఎదురు దిశలో తిప్పుతుంది, అంటే ఎడమ రెక్క కిందికి పోతుంది. టార్కే కారణమైతే క్యామెల్ ఎడమకు చురుగ్గా ఒరగాలి కదా!

ఇంకో సంగతి. ఇంజన్ ఒకే వేగంతో తిరుగుతున్నప్పుడు టార్క్ ఎంతన్నది హార్స్‌పవర్‌నీ ఆర్‌పీఎంనీ బట్టి ఉంటుంది, తిరిగే ఇనుము బరువును బట్టి కాదు. 130 హార్స్‌పవర్, 1,250 ఆర్‌పీఎం అంటే దాదాపు 740 న్యూటన్ మీటర్లు. రెండో ప్రపంచ యుద్ధం నాటి, గ్రిఫన్ ఇంజన్ ఉన్న స్పిట్‌ఫైర్ 14 యుద్ధవిమానంలో ప్రొపెల్లర్ దగ్గర ఇది 11,000 దాటుతుంది. బరువు చూస్తే ఆ స్పిట్‌ఫైర్ క్యామెల్‌కు ఆరు రెట్లే, టార్క్ మాత్రం పదిహేను రెట్లు. అయినా దానికి 270 డిగ్రీల కథ అంటుకోలేదు.

తిరిగే ఇనుము బరువు లెక్కకొచ్చేది గైరోస్కోప్ ప్రభావంలో, అంటే వేగంగా తిరిగే చక్రాన్ని ఒక పక్కకు మళ్లిస్తే అది మరో దిశలో ఒరగడం. సైకిల్ చక్రం ఇరుసును ముందుకు చాచి పట్టుకుని, పైభాగం కుడికి పోయేలా గట్టిగా తిప్పించి, మీరు కుడికి తిరిగి చూడండి.

గాలిమర:
అన్నా, ఇప్పుడే చేసి చూశా. మా పాప సైకిల్ ముందు చక్రం విప్పి, ఇరుసు ఒక చివర ఛాతీ దగ్గర, రెండో చివర ముందుకు పట్టుకున్నా. పాప చక్రం తిప్పింది. నేను కుడికి తిరిగానో లేదో, ముందు చెయ్యి ఎవరో లాగినట్టు కిందికి దిగిపోయింది. ఎడమకు తిరిగితే పైకి లేచింది!

తోకచుక్క:
అదే! క్యామెల్ కుడికి తిరిగితే ముక్కు కిందికి, ఎడమకు తిరిగితే పైకి. దానికితోడు ఇంజన్, తుపాకులు, పైలట్, పెట్రోల్ ట్యాంకు అన్నీ ముందు భాగంలోనే ఇరుకుగా సర్దారు. బరువంతా ఒకేచోట ఉండటంతో విమానం ఏ కదలికకైనా వెంటనే లొంగేది.

ఎర్రమట్టి:
సరే, టార్క్ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ముక్కు పైకి లేస్తే వేగం పడిపోతుంది కదా. 270 డిగ్రీల కథ అలా నిజం కావచ్చుగా? కొత్త పైలట్లు అంతమంది చనిపోయింది కూడా ఇందుకేగా?

తోకచుక్క:
ఎడమకు తిరిగేటప్పుడు ముక్కు లేవకుండా ఎడమ రడ్డర్ (తోక చుక్కాని పెడల్) తొక్కితే సరిపోతుంది. నిటారుగా ఒరిగి కుడికి తిరిగేటప్పుడూ ఎడమ రడ్డరే తొక్కాలి. శత్రువు వెనకాల ఉండగా మూడు రెట్లు దూరం చుట్టి రావడం పోరాట పద్ధతి అంటే నేను ఒప్పుకోను.

కొత్తవాళ్ల చావులు వేరే బాధ. టేకాఫ్ అయిన కాసేపటికే గాలి, పెట్రోల్ మిశ్రమంలో పెట్రోల్‌ను చేత్తో తగ్గించాలి. ఆ టెన్షన్‌లో మరిచిపోతే పెట్రోల్ ఎక్కువై ఇంజన్ ఆగిపోతుంది. నేల దగ్గర్లోనే వేగం పోయి, విమానం స్పిన్‌లో (గిరగిరా తిరుగుతూ కిందికి) పడితే తేరుకునే ఎత్తు ఉండదు. మన భారతీయ పైలట్ హర్దిత్ సింగ్ మాలిక్ 1917లో బ్రిటిష్ వైమానిక దళం 28వ స్క్వాడ్రన్‌లో నడిపింది ఈ క్యామెల్‌నే. తలుచుకుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది.

గాలిమర:
మరి రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీవాళ్ల యుద్ధవిమానం మాకీ సి.202కి ఎడమ రెక్క దాదాపు 20 సెంటీమీటర్లు ఎక్కువ పొడవట. అదీ గైరోస్కోప్ కోసమేనా?

తోకచుక్క:
కాదు తమ్ముడూ, అది అచ్చంగా టార్క్ కోసమే. ప్రొపెల్లర్ అక్కడా గడియారం దిశలోనే తిరుగుతుంది, కిందికి పోయేది ఎడమ రెక్కే. అందుకే దాన్ని పట్టి ఉంచడానికి ఆ రెక్కనే పొడవు పెంచారు.