కొత్త 7 సిరీస్ ముఖం: మన చాదస్తమా, డిజైన్‌లోనే లోపమా?

పాతఇంజిన్:
2022 ఏప్రిల్‌లో బీఎండబ్ల్యూ బయటపెట్టిన 7 సిరీస్ (జీ70) మీద పాత కార్ల వాళ్లం ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నాం. ఫొటోలు చూసి తిట్టడం ఎవరైనా చేస్తారు. అందుకే కారు పక్కన తీరిగ్గా నిలబడి చూశాకే ఇది రాస్తున్నా.

చూడనివాళ్ల కోసం కొంచెం వివరం. హెడ్‌ల్యాంప్‌ను పైనా కిందా రెండుగా విడగొట్టారు. పైన సన్నటి పగటి లైటు, ఎక్కువ డబ్బు పెడితే అందులో స్వరోవ్‌స్కీ స్ఫటికాలు. దారి చూపించే అసలు దీపం దాని కింద నల్లటి గూట్లో ఉంటుంది. అది వెలగనప్పుడు అక్కడ దీపం ఉందనే అనిపించదు. మధ్యలో నిటారుగా పెద్ద కిడ్నీ గ్రిల్ (బీఎండబ్ల్యూ గుర్తయిన, జంట మూత్రపిండాల ఆకారపు జాలీ), చీకటి పడితే దాని అంచు చుట్టూ వెలుగు. ఎలక్ట్రిక్ మోడల్ ఐ7లో అయితే ఆ గ్రిల్ వెనక ఇంజినే లేదు, అది దాదాపు మూసేసిన ప్యానెల్.

నా దగ్గరున్నది ఈ38, అంటే 1994 నుంచి 2001 దాకా వచ్చిన మూడో తరం 7 సిరీస్. కాబట్టి నేను ఎటువైపో మీకు తెలిసిపోయే ఉంటుంది. దాని ముందు నిలబడితే కళ్లు ఒక్కచోటే ఆగిపోవు. సన్నటి కిడ్నీలు, ఒకే గాజు వెనక రెండేసి దీపాలు, ముందుకు వాలుతూ దిగే బానెట్. ఏ ఒక్కటీ మిగతావాటి మీద పెత్తనం చెయ్యదు. జీ70లో ముందు గ్రిల్, తర్వాత గ్రిల్, ఆ తర్వాతే కారు.

కొత్తదాన్ని ఒప్పుకోలేని మన చాదస్తమా ఇది, లేక నిజంగానే డిజైన్ గాడి తప్పిందా? చెప్పండి.

వీ12దాసు:
చాదస్తమే గురువుగారూ. ఇదే సినిమా 2001లో ఒకసారి ఆడింది. మీ ఈ38 స్థానంలో ఈ65 వచ్చినప్పుడు గోల ఇంతకంటే ఎక్కువ. బూట్ (డిక్కీ) చూస్తే డబ్బా మీద ఇంకెవరి మూతో పెట్టినట్టుందని, దానికి 'బ్యాంగిల్ బట్' అని పేరే పెట్టేశారు. డిజైన్ అధిపతి క్రిస్ బ్యాంగిల్‌ను తీసెయ్యమని ఇంటర్నెట్‌లో సంతకాలు కూడా సేకరించారు. నిజానికి ఆ కారు బయటి రూపం గీసింది ఏడ్రియన్ వాన్ హూయ్‌డోంక్, తిట్లన్నీ బ్యాంగిల్ ఖాతాలో పడ్డాయి.

ఆఖరికి ఏమైంది? అప్పటిదాకా వచ్చిన 7 సిరీస్‌లన్నిటికంటే ఎక్కువ అమ్ముడైంది అదే. ఆ ఎత్తైన బూట్ పోకడ తర్వాత వేరే కంపెనీల సెడాన్లలోకీ పాకింది. ఇరవై ఏళ్లాగండి, జీ70 ఫొటో పెట్టి "ఆహా, ఎంత ధైర్యం" అని మీరే రాస్తారు.

క్రోమ్‌పిచ్చి:
దాసు గారూ, కథలో సగమే చెప్పి వదిలేశారు. ఈ65 అమ్ముడైంది, నిజమే. మరి 2005 ఫేస్‌లిఫ్ట్‌లో (అదే తరం కారుకి మధ్యలో చేసే రూపం మార్పు) ఆ బూట్‌ను, ఆ కనుబొమల లైట్లను ఎందుకు మెత్తబరిచారు? జనం ఎగబడి కొంటున్న రూపాన్ని కంపెనీ దానంతట అదే చెరిపేసుకుంటుందా? ఇంజిన్ బాగుంది, లోపల చోటుంది, ఆ తరగతిలో బ్రాండ్ పేరుకే సగం అమ్మకాలు. అమ్మకాల లెక్క చూపించి అందానికి సర్టిఫికెట్ ఇస్తే ఎలా?

ఇంకోటి. ఇవాళ ఈ38 బాగున్నది దొరికిందంటే పోటీ పడి కొంటారు. ఈ65 కోసం ఆ పోటీ ఎక్కడైనా చూశారా?

వీ12దాసు:
ఈ65 కోసం పోటీ లేనిది రూపం వల్ల కాదండీ, దాని ఎలక్ట్రానిక్స్ బాగుచేయించే ఓపిక ఎవరికీ లేక. అది వేరే కథ.

మీ స్వర్ణయుగం సంగతీ చెప్పుకుందాం. 1987లో రెండో తరం 7 సిరీస్ ఈ32లో వీ12 ఇంజిన్‌తో 750ఐ వచ్చింది. ఆరు సిలిండర్ల కారు నుంచి దాన్ని వేరుగా చూపించడానికి ఏం చేశారు? కిడ్నీలను వెడల్పు చేశారు, బానెట్ మధ్యభాగాన్ని దానికి తగ్గట్టు ఉబ్బించారు. వెనక వస్తున్నది పన్నెండు సిలిండర్లని అద్దంలో చూసేవాడికి తెలియాలి కదా! గ్రిల్‌తో హోదా చూపించుకోవడం నిన్న మొన్న మొదలైంది కాదు. మీరు పూజించే ఈ32తోనే మొదలైంది.

క్రోమ్‌పిచ్చి:
ఒప్పుకుంటా. కానీ ఆ వెడల్పుకి ఒక అర్థం ఉండేది: ఖరీదైన ఇంజిన్ ఉన్న కారుకే పెద్ద గ్రిల్. ఇప్పుడు ఇంజిన్ లేని దానికీ అదే గ్రిల్. 2019 ఫేస్‌లిఫ్ట్‌లో (అప్పటిది జీ11/జీ12 తరం) ఒక్కసారిగా గ్రిల్‌ను 40 శాతం పెంచారు. లోపల మాత్రం అదే కారు. అప్పుడు మొదలైన జబ్బే ఇది.

స్టీరింగ్‌సుబ్బు:
40 శాతం పెంచారని విని మా నాన్న "జీతమా?" అన్నారు.

కొలతబద్ద:
గ్రిల్ గురించి కొట్టుకోవడం ఆపి కాసేపు టేప్ పట్టుకుందాం. నా ఉద్దేశంలో అసలు గొడవ ముఖంలో లేదు, ఎత్తులో ఉంది.

ఈ38 ఎత్తు సుమారు 1.43 మీటర్లు. జీ70 ఎత్తు 1.544 మీటర్లు. అంటే దాదాపు 11 సెంటీమీటర్లు పెరిగింది. పొడవు 5.391 మీటర్లు. ఈ38లో ఎల్7 అని, ముందూ వెనకా సీట్ల మధ్య అడ్డు గోడతో సాగదీసిన లిమోజిన్ ఒకటి ఉండేది. దాని పొడవు 5.374. అప్పట్లో ప్రత్యేకంగా చేయించుకునే లిమోజిన్ కంటే ఇవాళ్టి మామూలు 7 సిరీస్ పొడవు. జీ70లో పొట్టి వీల్‌బేస్ (ముందూ వెనకా చక్రాల మధ్య దూరం) కూడా లేదు, అందరికీ 3.215 మీటర్లే.

1991లో బెంజ్ డబ్ల్యూ140 ఎస్ క్లాస్ వచ్చినప్పుడు "ఏనుగంత ఉంది, ఇంత పెద్ద కారు ఎవడికి కావాలి" అని జర్మనీలోనే దుమ్మెత్తిపోశారు. దాని పొడవైన మోడల్ 5.2 మీటర్ల చిల్లర, ఎత్తు ఒకటిన్నర మీటరు లోపే. అన్నివైపులా జీ70 కంటే చిన్నది! ఇప్పుడు దాన్నే మనం "హుందాతనం" అని మెచ్చుకుంటున్నాం.

ఇక ఎత్తు ఎందుకు పెరిగిందంటే, ఒకటి బ్యాటరీ. పెట్రోల్, డీజిల్, ప్లగ్-ఇన్ హైబ్రిడ్, ఎలక్ట్రిక్ అన్నిటికీ ఒకే బాడీ వాడారు. ఎలక్ట్రిక్‌లో బ్యాటరీ నేల కింద పరచాలి కాబట్టి నేల పైకి లేస్తుంది. నేల లేస్తే సీటు లేస్తుంది, సీటు లేస్తే తల తగలకుండా పైకప్పు లేవాలి. బ్యాటరీ లేని పెట్రోల్ కారు కొన్నవాడూ ఆ ఎత్తును మోయాల్సిందే. రెండోది పాదచారుల భద్రత. యూరప్‌లో 2005 నుంచి వచ్చిన నిబంధనల ప్రకారం కారు తగిలినప్పుడు మనిషి తల బానెట్ మీద పడితే, ఆ రేకు లోపలికి నలగడానికి కింద ఖాళీ ఉండాలి. రేకు కిందే ఇంజిన్ గట్టిగా ఉంటే తల పగులుతుంది. అందుకని బానెట్ పైకి పోయింది.

బానెట్ అంత పైకి పోయాక ముందు భాగంలో మిగిలేది ఒక పెద్ద గోడ. ఈ38లో ఉన్నంత సన్నటి కిడ్నీలు, చిన్న దీపాలు ఆ గోడకు అతికిస్తే ఎంత వెలితిగా ఉంటుందో ఊహించుకోండి. లైట్లను రెండు అంతస్తులుగా విడగొట్టడం, గ్రిల్‌ను నిలువుగా లేపడం ఆ గోడను నింపే ప్రయత్నాలే. బాగా నింపారా అంటే నాకూ నచ్చలేదు. కానీ గ్రిల్ చిన్నది చేస్తే ఈ కారు ఈ38 అయిపోతుందనుకోవడం భ్రమ.

పాతఇంజిన్:
పక్కన నిలబడినప్పుడు నాకు అనిపించిందీ ఇదే, మాటల్లో పెట్టలేకపోయా. డోర్ కింది అంచు నుంచి కిటికీ గాజు మొదలయ్యేదాకా రేకే రేకు. మధ్యలో డోర్ హ్యాండిల్ కూడా రేకులో కలిసిపోయింది. అంత పెద్ద మైదానంలో చెయ్యి పెట్టే చోటు వెతుక్కోవాలి. ఈ38లో గాజు కిందిదాకా ఉంటుంది, మోచెయ్యి కిటికీ అంచు మీద ఆనుతుంది. వెనక పిల్లర్ దగ్గర గాజు ముందుకు తిరిగే ఆ హోఫ్‌మైస్టర్ వంపు ఉంది చూడండి, 1961 బీఎండబ్ల్యూ 1500 నుంచీ వస్తున్నది, అది జీ70లోనూ ఉంది. కానీ అంత రేకు మీద అది ఎవరి కంట పడుతుంది?

అయినా ఒక్క మాట. బెంజ్ వాళ్లు పెట్రోల్ ఎస్ క్లాస్‌కి, ఎలక్ట్రిక్ ఈక్యూఎస్‌కి వేరు వేరు బాడీలు చేశారుగా. అందుకే ఎస్ క్లాస్ ఎత్తు అదుపులో ఉంది, ముఖమూ మర్యాదగా ఉంది. బీఎండబ్ల్యూ ఆ దారిలో పోవచ్చుగా?

వెనకసీటు:
ఆ దారిలో పోయిన బెంజ్‌కి ఏం జరిగిందో చూడండి మరి. 2021 ఈక్యూఎస్‌ను ముక్కు నుంచి తోక దాకా ఒకే విల్లు గీతగా చేశారు. గాలి నిరోధం 0.20, ఇంజినీర్లు చప్పట్లు కొట్టారు. కొనేవాళ్లు మాత్రం "ఇంత డబ్బు పెట్టి కొంటే ఇది ఎస్ క్లాస్‌లా కనబడదేంటి" అన్నారు. 2024లో మార్పులు చేసినప్పుడు క్రోమ్ పట్టీల గ్రిల్, బానెట్ మీద నిలబడే మూడు మూలల నక్షత్రం తెచ్చిపెట్టారు. సిగ్గుపడే ముఖం ఈ తరగతిలో నడవదని వాళ్లకే అర్థమైంది.

ఈ కార్లు కొనేది మనం కాదండీ. 7 సిరీస్‌కి అన్నిటికంటే పెద్ద మార్కెట్ చైనా. అక్కడ ఓనర్ వెనక కూర్చుంటాడు. పైకప్పు నుంచి 31.3 అంగుళాల తెర దిగుతుంది, తలుపులు మోటారుతో వాటంతటవే తెరుచుకుంటాయి. అతను దిగేచోట పదిమంది నిలబడి చూస్తుంటారు, గ్రిల్ వాళ్ల కోసం. డ్రైవింగ్ సీట్లో కూర్చుని బానెట్ వాలు చూసి మురిసే మన బాపతు మనిషి వాళ్ల లెక్కలో లేడు.

క్రోమ్‌పిచ్చి:
"కొనేవాడి ఇష్టం" అంటే ఇక చర్చే అక్కర్లేదు, షట్టర్ దించేసి పోదాం. కొనేవాడి ఇష్టంతోనే డబ్ల్యూ126 వచ్చిందా? 1979లో బెంజ్ డిజైనర్ బ్రూనో సాకో బృందం ఆ ఎస్ క్లాస్‌కి క్రోమ్ బంపర్లు తీసేసి ప్లాస్టిక్ బంపర్లు పెట్టింది. అప్పటి డబ్బున్నవాళ్లు క్రోమ్‌కి అలవాటు పడినవాళ్లే. అయినా కొన్నారు, ఎనిమిది లక్షలకు పైగా సెడాన్లు తయారయ్యాయి. కొనేవాడి అభిరుచిని ఒక మెట్టు పైకి తీసుకెళ్లడం డిజైనర్ పని. కొనేవాడు అరిస్తే తానూ అరవడం కాదు.

జానకి_ఎక్స్‌జే:
ఇంతమంది మాట్లాడారు, జాగ్వార్ గోడు ఒక్కరూ ఎత్తలేదు. పాత కార్ల వాళ్ల మాట వింటే ఏమవుతుందో మాకంటే ఎవరికి తెలుసు?

1968లో సర్ విలియం లయన్స్ చేయించిన ఎక్స్‌జే6 రూపాన్ని ఆ కంపెనీ దశాబ్దాల పాటు సాగదీసింది. 2003లో వచ్చిన ఎక్స్‌జే తరం ఎక్స్350కి విమానాల పద్ధతిలో రివెట్లు, జిగురుతో అతికించిన పూర్తి అల్యూమినియం బాడీ ఉండేది. అంత కొత్త టెక్నాలజీ! పైన మాత్రం అవే నాలుగు గుండ్రటి దీపాలు, అదే నడుము. మనలాంటివాళ్లం చప్పట్లు కొట్టాం, కొత్త కారు మాత్రం కొనలేదు. మిగతా జనం అది పాత కారే అనుకుని పక్కకు పోయారు.

దాంతో 2009లో జాగ్వార్ డిజైన్ అధిపతి ఇయన్ క్యాలమ్ అన్నీ తెంచేసి కొత్త ఎక్స్‌జే గీశాడు. వెనక పిల్లర్ మీద నల్ల ప్యానెల్ చూసి ఇదే గోల, "ఇది జాగ్వారేనా?" అని. దాని తయారీ 2019లో ఆగిపోయింది. విన్నా దెబ్బే, వినకపోయినా దెబ్బే. అందుకే డిజైనర్లు మన మాట పట్టించుకోవట్లేదంటే నాకు కోపం రాదు.

అయితే క్యాలమ్ ఎక్స్‌జేని ఇప్పుడు చూస్తే నాకు బాగానే అనిపిస్తుంది. నిష్పత్తులు సరిగ్గా ఉన్నాయి కాబట్టి నల్ల ప్యానెల్‌ను కన్ను మరిచిపోతుంది. జీ70 విషయంలో కొలతబద్ద గారి లెక్క నిజమైతే ఆ అవకాశం లేదు. ముఖం మార్చినా ఎత్తు తగ్గదుగా.

వీ12దాసు:
ఎత్తే తప్పయితే రోల్స్ రాయిస్‌ని ఎందుకు వదిలేశారు? దాని గ్రిల్ గుడి గోపురమంత, 2020 ఘోస్ట్ గ్రిల్‌కీ లైట్లున్నాయి. దాని వెనకున్నదీ బీఎండబ్ల్యూ కంపెనీయే. అక్కడ "రాజసం", ఇక్కడ "అరుపు"నా?

కొలతబద్ద:
రోల్స్‌లో కారంతా ఆ గ్రిల్ చుట్టూ కట్టారు. పొడవాటి బానెట్, నిలువు ముఖం, వెనక్కి వాలే నడుము గీత. ఎప్పటినుంచో అది ఎవరో తోలితే వెనక కూర్చునే కారు. 7 సిరీస్ 1977లో మొదలైనప్పటి నుంచీ ఓనరే తోలుకోవాలనిపించే పెద్ద కారు. చిన్న బీఎండబ్ల్యూలతో దానికి చుట్టరికం కనబడేది. ఇప్పుడది ఓనర్‌ని వెనక్కి పంపేసింది, చుట్టరికం రోల్స్‌తో కలుపుకుంది. నచ్చనివాళ్లకు నచ్చనిది ఈ మార్పే, దాన్ని గ్రిల్ మీద తీర్చుకుంటున్నారు.

స్టీరింగ్‌సుబ్బు:
ఇంతకీ నలుపు రంగులో చూశారా ఎవరైనా? రెండు రంగుల పెయింట్ వేసింది చూస్తే కళ్లు తిరుగుతాయి గానీ, పూర్తి నలుపులో, క్రోమ్ లేకుండా చేయించింది చూశా. కింది దీపం, గ్రిల్ అన్నీ చీకట్లో కలిసిపోయి చాలా నయం.

పాతఇంజిన్:
గ్రిల్ కనబడకుండా చేస్తే బాగుందంటున్నావంటే నా కేసు నువ్వే గెలిపించావు సుబ్బూ.

కొలతబద్ద గారి మాటను ఒకసారి కంటితో తేల్చుకుందాం. ఎవరి దగ్గరైనా ఈ38 గానీ డబ్ల్యూ140 గానీ జీ70 పక్కన నిలబెట్టే వీలుంటే, పక్కనుంచి తీసిన ఫొటో పెట్టండి. ముందు నుంచి వద్దు, అది అందరం చూసిందే.

కొలతబద్ద:
ఫోన్‌తో తీస్తే మాత్రం దగ్గరికి వెళ్లి తీయకండి. వైడ్ లెన్స్‌లో దగ్గరున్న భాగం ఉబ్బిపోతుంది. కనీసం పదిహేను అడుగులు వెనక్కి జరిగి, జూమ్ చేసి, రెండు కార్లకూ ఒకే ఎత్తు నుంచి తీయండి. టైర్లు నేలను తాకే చోటు ఫ్రేమ్‌లో పడాలి, లేదంటే కొలవడం కుదరదు.

జానకి_ఎక్స్‌జే:
ఎక్స్350 నేను తెస్తా. జీ70 ఉన్నవాళ్లు దొరకడమే కష్టం, మన గుంపులో చేరే ధైర్యం వాళ్లకు ఉండాలిగా.