పీవీ రాసినవాటిలో ముందు ఏది చదవాలి? ‘లోపలి మనిషి’ని చరిత్ర అనుకోవచ్చా?

ఆదివారం_అబిడ్స్
పోయిన ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ‘లోపలి మనిషి’ దొరికింది. పీవీ నరసింహారావు ఇంగ్లిష్‌లో రాసిన ‘ది ఇన్‌సైడర్’కి కల్లూరి భాస్కరం గారి తెలుగు. బేరమాడితే 120కి ఇచ్చాడు. ఇంటికొచ్చి తిరగేస్తే అంతకుముందు చదివినాయన ఎవరో గానీ పేజీ పేజీకీ అంచున పెన్సిల్‌తో పేర్లు రాసుకున్నాడు, ఈ పాత్ర ఫలానా మంత్రి, ఆ పాత్ర ఫలానా నాయకుడు అని, ఒక్కోదాని పక్కన రెండేసి ప్రశ్నార్థకాలు. నాకు పీవీ అంటే 1991, బ్యాంకు పరీక్షల్లో వచ్చే ఆర్థిక సంస్కరణల బిట్లు, అంతే. ఆయన కథలు రాశారని, అనువాదాలు చేశారని ఈ మధ్యే తెలిసింది. దీన్ని హైదరాబాద్ రాష్ట్రం, తర్వాత ఆంధ్రప్రదేశ్ రాజకీయాల చరిత్రగా నమ్మి చదవొచ్చా, లేక ఉత్త నవలేనా? వరస ఎలా పెట్టుకోమంటారు?

మంథని_బస్టాండు
అన్నా, ముందు ఆ లావు పుస్తకం పక్కన పెట్టు. ‘గొల్ల రామవ్వ’తో మొదలుపెట్టు, కూర్చుంటే ఒక్క పూటలో అయిపోయే కథ. 1949లో కాకతీయ పత్రికలో వచ్చింది, వరంగల్‌లో పాములపర్తి సదాశివరావు గారితో కలిసి ఆయన నడిపిన పత్రిక అది. అసలు పేరుతో కాదు, ‘విజయ’ అని. నిజాం పోలీసులు వెంటపడ్డ ఒక కుర్రాణ్ని రాత్రిపూట గుడిసెలో దాచిపెట్టే ముసలవ్వ కథ. రామవ్వ మాట్లాడుతుంటే మా ఊరి అవ్వలే గుర్తొస్తారు నాకు. 1957 నుంచి 77 దాకా మా మంథని ఎమ్మెల్యే ఆయన, మా తాత ఓటేసినోడే, కానీ ఈ కథ సంగతి మా తాతకు కూడా తెల్వదు.

ఇంక నవల నమ్మొచ్చా అంటే, ఒకటి గమనించు. నెహ్రూ, ఇందిర సొంత పేర్లతోనే వస్తారు. రాష్ట్రం దగ్గరికొచ్చేసరికి అందరికీ మారుపేర్లే, ఆనంద్, మహేంద్రనాథ్, చౌదరి. సంస్థానం పేరు కూడా అఫ్రోజాబాద్. ఢిల్లీ సంగతి ఎలాగూ దేశమంతా తెలుసు, దాచేదేం లేదు. ఇక్కడోళ్లను మాత్రం పేరు పెట్టి పిలిస్తే ఊళ్లలో చుట్టరికాలు చెడతాయి. అందుకే నీ పెన్సిలాయన అన్ని ప్రశ్నార్థకాలు పెట్టుకున్నాడు. తేదీల కోసం చదివితే మోసపోతావు. ఒక సీఎంను దించడానికి ఎమ్మెల్యేలను ఎట్ల కూడగడతారు, భూసంస్కరణ అనంగనే సొంత పార్టీవాళ్లే ఎట్ల ముఖం తిప్పుకుంటారు, అది తెలుసుకోవాలంటే మాత్రం ఇంతకంటే మంచి పుస్తకం నాకు కనిపించలే. ఆయన ప్రధాని అయిన ముచ్చట వస్తదేమో అని ఎదురుచూడకు, కథ అంత దూరం రాదు.

గుంటూరు_రిటైర్డ్
నాకు పీవీ మీద పాత కోపం ఉంది, ముందే చెప్పేస్తున్నాను. 1972 అక్టోబరులో ముల్కీ నిబంధనలు, అంటే తెలంగాణలో ఉద్యోగాలు స్థానికులకే అనే నియమాలు, చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, ముఖ్యమంత్రిగా ఆయన ఆ తీర్పును సమర్థించారు, మావైపు ప్రత్యేక ఆంధ్ర కావాలనే జై ఆంధ్ర ఉద్యమం అంటుకుంది. నేనప్పుడు డిగ్రీ రెండో ఏడు, కాలేజీ మూతపడి ఏడాది గంగలో కలిసింది. 1973 జనవరిలో ఆయన దిగిపోయి రాష్ట్రపతి పాలన వస్తే మా హాస్టల్లో మిఠాయిలు పంచుకున్నాం. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది.

అదే మనిషి విశ్వనాథ ‘వేయిపడగలు’ను ‘సహస్రఫణ్’ అని హిందీలోకి తీసుకెళ్లారని తెలిసినప్పుడు నాకు నిజంగా తల తిరిగింది. జమీందారీ, గుడి, కులవృత్తులు అన్నీ కూలిపోతున్నాయని వందల పేజీల పొడవునా కుమిలిపోయే నవల అది. దాన్ని అంత ప్రేమగా అనువదించినాయన నాలుగైదేళ్లు తిరక్కుండా ముఖ్యమంత్రయి భూపరిమితి చట్టం కోసం పట్టుబట్టడమేమిటి! భూస్వాములకు ఆయన మీద మంట ముల్కీ వల్ల ఒక్కటే కాదు, దీని వల్ల కూడా. ఉద్యమంలో మా వెనక డబ్బు సంచులతో నిలబడ్డవాళ్లు ఎవరో అప్పుడు మాకు తట్టలేదు.

పుణె_తెలుగోడు
మాస్టారూ, ఆ తల తిరుగుడుకి ఇంకోటి కలుపుకోండి. హరి నారాయణ్ ఆప్టే మరాఠీ నవలను ‘అబల జీవితం’ అని తెలుగు చేసిందీ ఆయనే. అది వేయిపడగలుకి పూర్తిగా ఎదురు. యమూ అనే అమ్మాయి చిన్నప్పటి నుంచి తన కథ తానే చెబుతుంది, భర్త పోయాక బలవంతంగా తల గొరిగించేదాకా. పాత వ్యవస్థ మీద కళ్లనీళ్లు పెట్టుకునే పుస్తకాన్ని హిందీకిచ్చి, అదే వ్యవస్థ ఆడపిల్లని ఏం చేసిందో చెప్పే పుస్తకాన్ని తెలుగుకి తెచ్చారు. రెండిట్లో ఆయన ఎటు అని అడిగితే నేను చెప్పలేను, బహుశా రెండు వైపులా కూర్చుని చూడటమే ఆయనకు ఇష్టమేమో.

ఒక్క కంప్లైంట్ ఉంది. మరాఠీలో పేరు ‘పణ్ లక్షాత్ కోణ్ ఘేతో’, అంటే ‘కానీ పట్టించుకునేదెవరు?’ అని. మా ఆవిడ మరాఠీ, ‘అబల జీవితం’ అంటే ఏంటో చెప్పగానే మొహం చిట్లించింది. అసలు పేరులో చదివేవాడి చొక్కా పట్టుకుని అడిగినట్టుంటుంది, తెలుగులో జాలిగా మారిపోయింది. నాగపూర్‌లో చదువుకుని, తర్వాత మహారాష్ట్రలోనే రాంటెక్ నుంచి ఎంపీ అయినాయన, మరాఠీ రాక కాదు కదా.

మంథని అన్న చెప్పిన మారుపేర్ల సంగతి ఆ రెండిటితో ఆగలేదు. 1990లో ‘మెయిన్‌స్ట్రీమ్’ పత్రికలో ‘ఒక కాంగ్రెస్‌వాది’ పేరుతో రాజీవ్ గాంధీ మీద ఘాటైన వ్యాసం వచ్చింది, అది రాసింది పీవీయేనని ఆయన జీవితచరిత్ర రాసిన వినయ్ సీతాపతి చెప్పారు. అయోధ్య మీద రాసిన పుస్తకమైతే తాను పోయాకే రావాలన్నారు, 2006లో వచ్చింది. రాజకీయాల్లో నోరు మెదపని మనిషి అని కార్టూన్లు వేసేవాళ్లు గానీ, రాస్తూనే ఉన్నారు, సంతకమే పెట్టలేదు.

మంథని_బస్టాండు
చొక్కా పట్టుకునే మాట బాగుంది తమ్మీ. ఆయన పేరు మీద మీరు కోపాలు చెప్పుకుంటున్నరు, మా దగ్గర ఇప్పుడు అందరూ దండలేసేటోళ్లే, చదివినోడు ఒక్కడు దొరకడు.

ఆదివారం_అబిడ్స్
అందరికీ థ్యాంక్స్. రామవ్వ కథ సంపాదించి నిన్న రాత్రి మా నాయనమ్మకి చదివి వినిపించాను. సగంలోనే ఆపించి, రజాకార్ల టైంలో వాళ్ల వడ్ల గుమ్మిలో ఎవర్ని దాచారో చెప్పడం మొదలుపెట్టింది, కథ పక్కకుపోయింది. ఇవాళ మిగతాది చదవాలి.

గుంటూరు మాస్టారూ, మీరు అడక్కముందే చెప్తున్నా, పెన్సిల్ పేర్లలో మీకు తెలిసినవాళ్లు చాలామందే ఉన్నారు. 112వ పేజీలో మాత్రం ఒక పేరు రాసి, మళ్లీ రబ్బరుతో చెరిపేశాడు. లైటుకి ఎదురు పెట్టి చూస్తే మొదటి అక్షరం కనిపిస్తోంది. ఇక్కడ మాత్రం రాయను.