లాస్ట్ ఆఫ్ అస్ రెండో సీజన్: తేడా కథలోనా, చెప్పిన వరసలోనా? (రెండు సీజన్ల స్పాయిలర్లు ఉన్నాయి)

తీరికలేని ప్రేక్షకుడు:

‘ద లాస్ట్ ఆఫ్ అస్’ సిరీస్ రెండు సీజన్లూ పూర్తి చేశాను. బూజు సోకి జనం జాంబీల్లా మారిపోయిన లోకంలో జోయెల్ అనే మనిషి, ఆ బూజుకి లొంగని ఎల్లీ అనే పిల్ల కథ. దీనికి మూలమైన గేమ్ ఆడలేదు. ఇంట్లో ప్లేస్టేషన్ లేదు, ఉన్నా ఆ బటన్లతో కుస్తీ పట్టే ఓపిక నాకు లేదు. 2023లో మొదటి సీజన్‌ని జాంబీల గోల అని చులకనగానే మొదలుపెట్టి మూడో ఎపిసోడ్ దగ్గర పడిపోయాను. బిల్, ఫ్రాంక్ ఊరు చుట్టూ కంచె కట్టుకుని ఏళ్ల తరబడి ఇద్దరే కాపురం చేసి ముసలివాళ్లవుతారే, అది. అక్కణ్నుంచి చివర్లో, మందు కోసం ఎల్లీ ప్రాణం తీయబోతుంటే జోయెల్ ఆసుపత్రిలో అందర్నీ కాల్చేసి, ఎల్లీని ఎత్తుకొచ్చి, జరిగినదాని గురించి ఆ పిల్లకే అబద్ధం చెప్పేదాకా ఎక్కడా బోర్ కొట్టలేదు.

రెండో సీజన్‌కి వచ్చేసరికి చిరాకు పట్టుకుంది. రెండో ఎపిసోడ్‌లోనే యాబీ జోయెల్‌ని గోల్ఫ్ కర్రతో చితకబాది చంపేసింది. సరే, కథే అంత అనుకుందాం. కానీ ఆ అమ్మాయి ఎవరు, ఎందుకు పగబట్టింది అనేది సీజన్ మొదలవ్వగానే చెప్పేశారు, ఇంక సస్పెన్స్ ఎక్కడుంది? ఎల్లీ ఏమో పగ తీర్చుకుంటానని వైయోమింగ్ నుంచి సియాటిల్ దాకా గుర్రమెక్కి వెళ్లింది, తీరా అక్కడ తన ప్రియురాలు డీనా కడుపుతో ఉందని తెలిసి ‘నేను నాన్ననవుతున్నా’ అని మురిసిపోతోంది. తండ్రిలాంటి మనిషిని కళ్లముందు చంపేస్తే ఉండాల్సిన మంట ఏది? ఏడో ఎపిసోడ్ చివర యాబీ తుపాకీ పేల్చగానే తెర నల్లగా చేసేసి మళ్లీ సియాటిల్‌లో మొదటి రోజు దగ్గరికి తీసుకెళ్లారు. మూడో సీజన్ చాలావరకు యాబీదేనంట. ఆమె కథ మనకెందుకు? గేమ్ ఆడినవాళ్లని అడిగితే ‘గేమ్‌లోనూ ఇంతే’ అంటారు. నిజంగా ఇంతేనా? ఇంతే అయితే అక్కడ అంతమందికి ఎలా ఎక్కింది?

కంట్రోలర్ కాశీ:

ఇంతే కాదండీ. జరిగేవి దాదాపు అవే, ఏది ముందు ఏది వెనక అన్నదే మారింది, మీ చిరాకంతా దానివల్లే.

2020లో వచ్చిన రెండో గేమ్‌లో కాసేపటికే మీ చేతికి యాబీని ఇస్తారు, ఆమె ఎవరో చెప్పకుండా. మంచులో పరిగెత్తుతారు, ఇన్‌ఫెక్ట్ అయినవాళ్ల గుంపు వెంటపడితే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పారిపోతారు, జోయెల్, అతని తమ్ముడు టామీ వచ్చి కాపాడతారు. తర్వాత అదే అమ్మాయి జోయెల్‌ని చంపేస్తుంది. ఎందుకో చెప్పరు. ఆ కసితో ఎల్లీగా సియాటిల్‌లో మూడు రోజుల కథ గంటలకు గంటలు ఆడతారు. చివరికి అక్కడి థియేటర్‌లో యాబీ ఎదురుపడగానే, అంటే మీరు చూసిన ఆ నల్లతెర దగ్గరే, గేమ్ వెనక్కి తిరిగి యాబీని మీ చేతిలో పెడుతుంది. ఇష్టం లేకపోయినా అవే మూడు రోజులు ఆమెతో నడవాలి, ఆమె చావకుండా మీరే చూసుకోవాలి. ఎత్తులంటే ఆమెకి భయం, అంత పైనుంచి కిందకి చూస్తే మనకే కళ్లు తిరిగేలా చేస్తారు. అలా ఆడుతుండగా ఎక్కడో కోపం కరుగుతుంది. నాకైతే సగమే కరిగింది, అది వేరే సంగతి.

టీవీలో ఇది కుదరదు. చూసేవాడి చేతిలో రిమోట్ తప్ప ఏముంటుంది? కారణం దాచిపెడితే అది తెలియడానికి ఇంకో సీజన్ వచ్చేదాకా ఆగాలి, ఈలోగా నెట్‌లో ఎవడో ఒకడు వాగేస్తాడు. గేమ్ తీసిన నీల్ డ్రక్‌మన్ కూడా ఇంటర్వ్యూల్లో ఇంచుమించు ఇదే చెప్పాడు. అందుకే ముందే చెప్పడాన్ని నేను తప్పుపట్టను.

నాకు లోటు అనిపించేది వేరే. 2013 నాటి మొదటి గేమ్ చివర ఆపరేషన్ గదిలో ఒక డాక్టర్ చిన్న కత్తి పట్టుకుని అడ్డం నిలబడతాడు. అతన్ని చంపితే తప్ప గేమ్ కదలదు. వేరే దారేమైనా ఉందేమోనని ఆ గదంతా తిరిగినవాళ్లు ఎంతమందో, దారి మాత్రం లేదు. ఆ డాక్టరే యాబీ తండ్రి. రెండో గేమ్‌లో ఆ కూతురు వచ్చి నిలదీస్తే మన దగ్గర జవాబుండదు, బటన్ నొక్కింది మనమే కాబట్టి. సిరీస్‌లో ఆ పని జోయెల్‌గా వేసిన పెడ్రో పాస్కల్ చేశాడు, మామూలుగా చేయలేదు, ఆ మొహంలో ఏమీ లేకపోవడమే భయం వేసింది, కానీ మనం సోఫాలో కూర్చుని చూశాం. ఎర్ర వెలుతురులో ఎల్లీ యాబీ స్నేహితురాలు నోరాని కొట్టే సీన్ కూడా అంతే, గేమ్‌లో దెబ్బదెబ్బకీ బటన్ మీతోనే నొక్కిస్తారు.

నల్లకుంట నైట్‌షిఫ్ట్:

కాశీ అన్నా, సగమే ఒప్పుకుంటా. బటన్ లేకపోవడమే కారణమైతే మొదటి సీజన్ కూడా తేలిపోవాలి కదా? అది ఎందుకు నిలబడింది మరి?

నన్నడిగితే రెండో సీజన్‌ని దెబ్బకొట్టింది ఆరో ఎపిసోడ్. అవును, అందరూ ఏడ్చిన ఎపిసోడే, పుట్టినరోజులూ మ్యూజియమూ వరండా సీనూ ఉన్నది, సోమవారం పొద్దున్నే ఆఫీసుకి లేటైనా సరే అని కూర్చుని నేనూ ఏడ్చా. అయినా అదే అంటా.

గేమ్‌లో జోయెల్ అబద్ధం ఎల్లీకి అతను చనిపోవడానికి రెండేళ్ల ముందే తెలిసిపోతుంది. తనే ఒంటరిగా ఆ ఆసుపత్రికి తిరిగి వెళ్తుంది, వెతుక్కుంటూ వచ్చిన జోయెల్ చేత నిజం చెప్పించి, ఇక నీకూ నాకూ ఏమీ లేదని తెంచేసుకుంటుంది. ఒకే ఊళ్లో ఉంటూ ముభావంగా ఆ రెండేళ్లు గడుస్తాయి. వరండాలో మాట్లాడుకునేది ఆ తర్వాత, అతను చచ్చిపోయే ముందు రోజు రాత్రి: నిన్ను ఎప్పటికైనా క్షమించగలనని అనుకోను, కానీ ప్రయత్నించాలనుంది అంటుంది. ఆ ప్రయత్నం ఇంకా మొదలు కూడా కాకముందే మనిషి పోయాడు. సియాటిల్‌లో ఆమె చేసిన ఘోరాలన్నిటి వెనకా ఆ పోగొట్టుకున్న రెండేళ్లున్నాయి.

సిరీస్‌లో ఏం చేశారు? ఊళ్లోని యూజీన్‌కి బూజు సోకినప్పుడు అతని చావు విషయంలో జోయెల్ తనకిచ్చిన మాట తప్పాడని ఎల్లీ కొన్ని నెలలు దూరంగా ఉంది. వరండాలో ఆసుపత్రి సంగతి అడిగింది, అతను తలూపి ఒప్పుకున్నాడు, అక్కడే అప్పుడే ప్రయత్నిస్తానంది. అనుమానం ముందు నుంచీ ఉందనుకో, అయినా తెలియడం, రగిలిపోవడం, మెత్తబడటం అన్నీ ఒక్క రాత్రిలో అయిపోయాయి. ఇంక ఆ పిల్ల దగ్గర మంట ఎక్కడ మిగులుతుంది? ప్రశ్న అడిగినాయనకి కనిపించని మంట ఇదే. గేమ్‌లో ఆ వరండా సీన్ చిట్టచివర వస్తుంది. ఎందుకు అక్కడ పెట్టారో చెబితే ఆయనకి మూడో సీజన్ పాడవుతుంది, ఆపేస్తున్నా. కానీ అంత పెద్ద సీన్‌ని ముందే ఖర్చు పెట్టేశారన్న బాధ నాకు పోదు.

బూజు డిపార్ట్‌మెంట్:

హమ్మయ్య, ఇక్కడైనా ఎవరూ ఎల్లీగా వేసిన బెల్లా రామ్సే మొహం గురించి మాట్లాడలేదు. గేమ్‌లో బొమ్మలా లేదని ఒక నటిని అంతగా ఆడిపోసుకున్నవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. మొదటి సీజన్ ఎనిమిదో ఎపిసోడ్‌లో తనని బంధించిన డేవిడ్‌ని నరికాక బయటికొచ్చి జోయెల్‌ని పట్టుకునే ఆ సీన్ చూసి కూడా అంటారా ఆ మాట?

గేమ్‌ని మార్చితే పాడవుతుందన్న వాదన కూడా నాకు ఎక్కదు. గేమ్‌లో మనం వెళ్లేసరికి ఫ్రాంక్ ఉరేసుకుని ఉంటాడు, బిల్‌ని తిడుతూ రాసిన చీటీ దొరుకుతుంది. పైన అందరికీ నచ్చిన మూడో ఎపిసోడ్ అంతా దాన్ని తిరగేసి రాసిందే, బిల్‌గా వేసిన నిక్ ఆఫర్‌మన్‌కి ఎమ్మీ కూడా వచ్చింది. శామ్‌ని చెవిటి పిల్లాడిగా చేయడం వల్ల అన్నయ్య హెన్రీతో సైగల మాటలొచ్చాయి, అది గేమ్‌లో లేదు.

నేను మైక్రోబయాలజీ దాన్ని కాబట్టి నాకు అసలు భయం వేసింది మొదటి సీజన్ రెండో ఎపిసోడ్ మొదట్లో, జకార్తాలో. ఈ జబ్బు పిండిమిల్లులో మొదలైందని విని, మందు లేదు, టీకా లేదు అని తేల్చేసి, ఊరి మీద బాంబులేయండని చెప్పి, నన్ను ఇంటికి పంపండి, నావాళ్లతో ఉంటానంటుందే ఆ ప్రొఫెసరమ్మ. ఇండోనేషియాలో పెద్ద నటి క్రిస్టీన్ హకీం. కథలోని బూజు కార్డిసెప్స్ నిజంగా ఉంది, చీమల్ని ఆడించే రకమూ దాని చుట్టమే, మన ఉత్తరాఖండ్ కొండల్లో గొంగళిపురుగు మీద మొలిచే కీడా జడీని జనం బోలెడు డబ్బు పోసి కొంటారు. మనుషులకి సోకదు లెండి, చాలా బూజులు మన ఒంటి వేడికి తట్టుకోలేవు. సిరీస్ మొదటి సీన్‌లో 1968 నాటి టీవీ షోలో పెద్దాయన చెప్పేది అదే: భూమి వేడెక్కి బూజు ఆ వేడికి అలవాటుపడితే? అని. గేమ్‌లో గాలిలో స్పోర్లు, అంటే బూజుని వ్యాపింపజేసే సన్నటి రేణువులు ఉంటాయి, మాస్కులు పెట్టుకుని తిరగాలి. సిరీస్‌లో మొదట వాటిని తీసేసి బూజు తీగలు పెట్టారు, మంచిదైంది, మాస్కులుంటే నటుల మొహాలు కనిపించవు. రెండో సీజన్ ఐదో ఎపిసోడ్‌లో ఆసుపత్రి కింద అంతస్తులో స్పోర్లు మళ్లీ తెచ్చారు, అప్పుడు నాకు మాత్రమే చప్పట్లు కొట్టాలనిపించిందేమో.

నాన్ననవుతున్నా డైలాగ్ మాత్రం నాకూ నచ్చలేదు. దానికి వకాల్తా తీసుకోను.

తీరికలేని ప్రేక్షకుడు:

ఆ రెండేళ్ల సంగతి నాకు అసలు తెలియదు. అలా తీసుంటే సియాటిల్ ఎపిసోడ్లు వేరేగా ఉండేవి. యాబీ మీద మాత్రం ఇంకా మనసు రావడం లేదు, ఆమెగా నటించిన కైట్లిన్ డెవర్ బాగా చేసింది గానీ. గేమ్ ఒకసారి చూడాలనిపిస్తోంది, దీనికోసం ప్లేస్టేషన్ కొనాలా?

కంట్రోలర్ కాశీ:

అక్కర్లేదు, రెండు భాగాలూ పీసీలో ఉన్నాయి, రెండోది 2025 ఏప్రిల్‌లో వచ్చింది. గ్రాఫిక్స్ కార్డు మరీ పాతదైతే మాత్రం జోలికి పోకండి. మొదటి భాగం నుంచే ఆడండి, సిరీస్ చూశాను కదా అని రెండోదానికి దూకొద్దు, ఆ డాక్టర్ గది మీరు దాటాలి. ఓపిక లేదన్నారు కాబట్టి సెట్టింగ్స్‌లో ‘వెరీ లైట్’ పెట్టుకోండి, గురి చూసి కాల్చడం దగ్గర కూడా గేమే సాయం చేస్తుంది. వరండా సీన్ మీద నైట్‌షిఫ్ట్ తమ్ముడితో నాకు ఇంకా పేచీ ఉంది, అది వేరే థ్రెడ్‌లో తేల్చుకుంటాం.