తిండి తగ్గిస్తే కాన్పు సులువవుతుందా?

కొత్త తండ్రి: నా భార్యకు ఏడో నెల. బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టమవుతుందని మా అమ్మ ఆమెకు అన్నం తగ్గించి పెడుతోంది. ఇది సరైనదేనా?

పాలకొల్లు అమ్మమ్మ: మీ అమ్మగారి మాటను కొట్టిపారేయకండి. ఏడో నెల నుంచి నేను రాత్రిపూట ఒక్క గరిటె అన్నమే తిన్నాను, మూడు కాన్పులూ ఇంట్లోనే జరిగాయి. మా అమ్మాయి కడుపునిండా తిన్నది, బిడ్డ 3 కిలోల 800 గ్రాములు, చివరకు ఆపరేషన్ తప్పలేదు.

తార్నాక వాసి: నెదర్లాండ్స్‌లో 1944-45 చలికాలపు కరువులో చివరి నెలలు ఆకలితో గడిపిన తల్లులకు పుట్టిన బిడ్డల బరువు సగటున సుమారు 300 గ్రాములు తగ్గింది. రెండున్నర కిలోలకు తక్కువగా పుట్టిన బిడ్డకు ఒంటి వెచ్చదనం నిలవడం, పాలు చీకడం కూడా కష్టమే, జబ్బులూ త్వరగా అంటుకుంటాయి. గర్భిణికి రోజుకు అదనంగా 350 కేలరీలు కావాలని మన జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది.

పాలకొల్లు అమ్మమ్మ: 3 కిలోల 800 సంగతి చెప్పండి.

తార్నాక వాసి: తల్లి రక్తంలో చక్కెర పెరిగితే అది బిడ్డకూ చేరి, బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువై కొవ్వు పడుతుంది. మీ అమ్మాయికి షుగర్ పరీక్ష చేయించారా? ఉన్నా దానికి తగిన ఆహారం ఉంటుంది, పస్తు మాత్రం మందు కాదు.

అనకాపల్లి చెల్లి: మా వదినకు బొప్పాయి ముక్క కూడా దక్కలేదు.

నల్లగొండ కోడలు: అందరూ ఎంత తినాలో చెబుతున్నారు గాని, ఎప్పుడు, ఎవరి తర్వాత తింటుందో అడగరేం? అందరూ తిన్నాక గిన్నెలో మిగిలిందే నాకు. తొమ్మిదో నెల వరకు నాట్లు వేశాను. తెలంగాణ ప్రభుత్వ ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీలో పెట్టిన గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు మాత్రమే నాకు ఖాయంగా దక్కాయి. 2 కిలోల 100 గ్రాముల బిడ్డ పుట్టినప్పుడు తప్పంతా నాదేనన్నారు.

పాలకొల్లు అమ్మమ్మ: నన్ను రాక్షసిని చేయకండి! మా అక్క బిడ్డ బయటికి రాక రెండు రోజులు నొప్పులు పడి ప్రాణం విడిచింది. అప్పటి నుంచి పెద్ద బిడ్డ అంటేనే నాకు భయం.

తార్నాక వాసి: క్షమించండి అమ్మమ్మగారూ. ఆమెకు సమయానికి ఆసుపత్రి అందలేదు, అన్నం వల్ల ప్రాణం పోలేదు. అయినా నేనూ ఒక మాట దాచాను. ముంబయి మురికివాడల్లో ఆకుకూరలు, పండ్లు, పాలతో చేసిన చిరుతిండి ఇచ్చి చూసినప్పుడు మొత్తం మీద బిడ్డల బరువు చెప్పుకోదగినంత పెరగలేదు. గర్భానికి కనీసం మూడు నెలల ముందు నుంచి తిన్నవారిలోనే కొంత పెరిగింది, అదీ మరీ బక్కగా లేని తల్లులకే.

నల్లగొండ కోడలు: తమ్ముడూ, ఆమె బరువు పెరుగుతోందా? రక్తం ఎంత ఉంది? ఆమెనే అడిగి రాయండి.

కొత్త తండ్రి: అడిగాను. నెల రోజులుగా బరువు పెరగలేదట, నాకు చెప్పడానికి భయపడింది. రేపు ఉదయం ఆసుపత్రికి వెళ్తున్నాం, అమ్మను కూడా తీసుకెళ్తున్నాను.