పాత మామిడి చెట్టు నీడలో ఏం వేస్తే బతుకుతాయి?

తిరుచానూరు_పెరడు:
మా పెరట్లో పెద్ద బెంగుళూరా మామిడి ఉంది, మా మామగారు నాటింది. కింద పొద్దున ఓ గంట, సాయంత్రం ఏటవాలుగా కాస్త ఎండ, అంతే. తోటకూర చల్లితే దారాల్లా సాగి పడిపోయింది, టమోటా ఏపుగా పెరిగింది కానీ ఒక్క పూతా లేదు. తవ్వుదామంటే జానెడు లోతులోనే వేర్లు. ఇంట్లో వాళ్లు కొమ్మలు కొట్టించేయమంటున్నారు, నాకు మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు?

బంగారుపాళ్యం_రైతు:
అక్కా, టమోటాకు ఆరు గంటల ఎండైనా ఉండాల, ఆ నీడలో దాన్ని మర్చిపోండి. పసుపు, కంద వేయండి. జూన్‌లో పెడితే జనవరి, ఫిబ్రవరిలో తవ్వుకోవచ్చు. అసలు సంగతి నీళ్లది. మామిడికి పూత రావాలంటే అక్టోబరు చివర్నించి నీళ్లు ఆపాలి, అప్పుడు కింద మొక్కల కోసమని రోజూ పైపు పెట్టారంటే చెట్టు కొత్త చిగుళ్లు వేసి ఊరుకుంటుంది, కాయ ఉండదు. పసుపుకైతే డిసెంబరు దాటాక ఆకులే ఎండిపోతాయి, దానికీ నీళ్లు అక్కర్లేదు.

మిద్దెతోట_చిత్తూరు:
అన్నా, నవంబరులో మనకు ఎట్లాగూ తుపాను వానలు పడతాయి కదా, పైపు ఆపి ఏం లాభం?

బంగారుపాళ్యం_రైతు:
వాన నాలుగు రోజులు పడి పోతుంది, మళ్లీ నేల ఆరుతుంది. పసుపు ఆ వానతోనే గడుపుకుంటుంది. రోజూ పెట్టే నీళ్లే చెట్టును ఆరనీయవు.

మిద్దెతోట_చిత్తూరు:
సరే, ఒప్పుకున్నా. అక్కా, ఇంకో మాట, పూత టైములో తేనెమంచు పురుగు వస్తే కింద ఆకులన్నీ జిగురు జిగురుగా అయ్యి, తర్వాత వాటి మీద నల్లటి మసి పడుతుంది. చెట్టుకు మందు కొడితే అదీ కింద ఆకుకూర మీదే కారుతుంది, ఆ టైముకు కోసి వండుకునేవి కింద లేకుండా చూసుకోండి. వేర్లు నరక్కండి, సందుల్లో గుంతలు తీసి పెట్టండి. మొదలు చుట్టూ అరుగు కట్టి మట్టి మాత్రం నింపొద్దు, చాలామంది అందంగా ఉంటుందని కట్టేస్తారు, తడికి బెరడు కుళ్లుతుంది.

కొమ్మలు ఇప్పుడు కాదు, కాయ కోశాక జులై, ఆగస్టుల్లో మధ్యలో ఇరుకుగా ఉన్నవి మాత్రం తీయించండి. నీడ అంచున ఎండ చుక్కలు చుక్కలుగా పడే చోట కనకాంబరం బాగా పూస్తుంది.

తిరుచానూరు_పెరడు:
చాలా థాంక్స్ అండి. రాలిన ఆకులు ఊడ్చి కాలుస్తున్నాం, అవి పసుపు మీద కప్పొచ్చా?

బంగారుపాళ్యం_రైతు:
కప్పండి, కాల్చడం దేనికి! విత్తనానికి పచ్చి కొమ్ములే తీసుకోండి అక్కా, కిరాణా కొట్టువి ఉడకబెట్టి ఎండబెట్టినవి, మొలవవు.